అయిదింటికి ఎన్ని

పరీక్షలు అయిపోయినయి.
ఫోన్ల ఒక ఫారం వచ్చింది,
సుఆద్ మేడంకు అయిదింటికి ఎన్ని వేస్తవు అని.

క్లాసు టైముకు మొదలుపెడతదా?
మొదటి ప్రశ్న కాడనే ఆగిన.
ఆమె టైముకు మొదలుపెట్టింది ఒక్కనాడు గూడ లేదు.
దుబాయి దిక్కు నుంచి షార్జాకొచ్చే రోడ్డు
సాయంత్రం ఆరింటికి ఎట్ల గడ్డకడతదో
మొదటి వారంలనే ఎరుక చేసుకున్నది.
ఏడింటి క్లాసును ఏడుంబావుకు జరిపి
ముందొచ్చినోళ్లతోని మాటల్ల వడి
ఆ పావుగంటల్నే సగం పాఠం చెప్పేది.
మేం ఉరికొచ్చి, చెమటతోని కూసున్నంక
ఆ సగం మల్లొకసారి.
రెండోసారి ఉదాహరణ మారేది.
దీనికి ఒకటి వెయ్యాల్నా, అయిదు వెయ్యాల్నా?

ఒమ్‌దుర్మాన్ ఆమెది.
ఫోను చేస్తే ఎవరూ ఎత్తని ఊరు అని
ఒక్కసారి అన్నది, కరెన్సీ పాఠంల,
బోర్డు దిక్కు తిరిగి.
మార్కరు మూత పెట్టి, తీసి,
మల్ల రాసింది.

హాజరు పిలిచేటప్పుడు నా పేరు కాడ
అందరు సార్లు దగ్గి ముందుకు పోతరు.
ఆమె ఆగింది.
"మీ అమ్మ ఎట్ల పిలుస్తదో అట్ల చెప్పు."
లింబాద్రి, అన్న.
"ద్రి" కాడ ఆమె నాలుక తట్టుకున్నది.
నాలుగో క్లాసుకు తట్టుకోలే.
హెస్సా నేర్చుకున్నది, మారిసెల్ నేర్చుకున్నది,
కినాన్ ఇంక తంటాలు పడుతున్నడు.
కంపెనీల మాత్రం నా పేరు "స్టోర్".

పుస్తకంల కంపెనీలన్ని మంచు కురిసే దేశాలయి.
ఆమె పుస్తకం మూసింది.
మీ మీ దుకాణాల లెక్కలు తెండ్రి,
పేర్లు కొట్టేసి తెండ్రి.
మారిసెల్ సెలూన్ బిల్లులు తెచ్చింది,
హెస్సా వాళ్ల నాయిన ఖర్జూరాల ఖాతా,
నేను సజాల మా పింగాణి గోదాము నెల లెక్క.

ఒక వరుస కాడ ఆమె వేలు ఆగింది.
పగిలిన సరుకు: పద్దెనిమిది వందల దిర్హాములు.
పక్క గడిల: సిబ్బంది జీతాల నుంచి వసూలు.
"ఇది ఎవరు రాస్తరు?"
నేనే, మేడం.
"ఎవరు పగలగొట్టిన్రు?"
ఎవరూ గాదు. కంటెయినరు విప్పంగనే
కొన్ని పలిగే ఉంటయి.

ఏసీ సప్పుడు తప్ప ఏం లేదు.
నీతి చెప్తదేమో అనుకున్న.
"చట్టం ఒప్పుకుంటదో లేదో నాకు తెల్వది," అన్నది.
"బుధవారం చెప్త."
పదహారేండ్ల చదువుల ఏ సారు నోట
తెల్వది అన్న మాట ఇనలే.

బుధవారం ఒక అరబ్బీ కాగితం తెచ్చింది,
వరుస వరుస కింద
ఇంగ్లీషుల ఆమె చేతిరాత.
నా బల్ల మీద పెట్టి, ఏం అనకుంట
తరుగుదల పాఠం మొదలుపెట్టింది.

మిడ్‌టర్ముల నాకు యాబై రెండు.
అడగపోతే కుర్చీ సూపింది, చాయ పోసింది,
ఒక్కొక్క తప్పు యాడ పుట్టిందో
వెనక్కి వెనక్కి నడిపించి సూపెట్టింది.
చాయ అయిపోయింది. యాబై రెండు కదలలే.
మెట్లు దిగంగ కోపం ఎందుకు రాలేదో
ఇంక నాకు సమజ్ గాలే.

ఫారంల ఆఖరి ప్రశ్న:
ఈ కోర్సు మీ ఉద్యోగానికి ఎంత ఉపయోగపడింది?

పోయిన నెలాఖరుకు
పగిలిన సరుకు వరుస కాడికొచ్చినంక
నా చెయ్యి పక్క గడికి పోలే.
కంపెనీ ఖర్చు అని రాసి సంతకం వెట్టిన.
తొమ్మిది మందికి జీతం పూర్తిగ పడ్డది.
మేనేజరు సోమవారం పొద్దున రమ్మన్నడు.

ఇయ్యాల ఆదివారం రాత్రి.
మీది మంచంల పోశెట్టి,
ఇంటికి రెండు వందలు ఎక్కువ పంపిన అని
నవ్వుకుంట పండుకున్నడు.
ఎందుకెక్కువ పడ్డదో అడగలే.

ఫోను మీద వేలు ఆడుతున్నది,
ఒకటి కాడ, అయిదు కాడ, మల్ల ఒకటి కాడ.
వెలుతురు ఆరిపోయినప్పుడల్లా
తడుతున్న.